ఫీజు ఏ పనికి? పిండి మర అప్పు కోసం 18,550 రూపాయలు పోగొట్టుకున్న ఒకామె కేసు

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో ఆంధ్రాని ఆనుకుని ఉన్న తెలుగు ఊళ్ళలో చాలా ఏళ్ళుగా ఆర్థిక అక్షరాస్యత కౌన్సెలర్‌గా పని చేస్తున్నాను. ఊరూరా మీటింగులు పెట్టి బ్యాంకు ఖాతా, అప్పు, బీమా, ఫోన్ మోసాల గురించి చెప్పడం నా పని. "అప్పు ఇవ్వకముందే డబ్బు అడిగితే అది మోసం" అన్న మాట ప్రతి మీటింగులోనూ చెప్పేవాణ్ణి. ఒకామె ఆ మాట విన్నది, గుర్తు పెట్టుకుంది, అయినా మోసపోయింది. ఆ మాటలోనే లోపం ఉందని నాకు ఆమె వల్లే తెలిసింది. ఈ కేసు రాస్తున్నది అందుకే. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, కుటుంబ వివరాలు మార్చాను. జరిగిన వరస మాత్రం మార్చలేదు.

నేపథ్యం

నలభై దాటిన మనిషి. అయిదో తరగతి వరకు తెలుగులో చదువుకుంది. ఒడియా అర్థమవుతుంది, మాట్లాడగలదు, చదవలేదు. భర్త చెన్నై వైపు కట్టడం పనికి వెళ్ళి ఏడాదిలో రెండుసార్లు ఇంటికొస్తాడు. ఇంటి వరండాలో పాత పిండి మర ఒకటి ఉంది. బియ్యం, రాగులు ఆడుతుంది. కారం, పసుపు ఆడాలంటే వేరే మర కావాలి, లేకపోతే పిండికి ఘాటు పట్టేస్తుంది. ఊళ్ళో వాళ్ళు కారం కోసం తొమ్మిది కిలోమీటర్లు పోతున్నారు. రెండో మర, దానికో మోటారు పెట్టుకుంటే ఆ పనంతా తనకే వస్తుందని ఆమె లెక్క. లక్షా ఇరవై వేలు కావాలి. ఆ లెక్క నేను తర్వాత చూశాను, సరిగానే ఉంది.

సరిహద్దు ఊళ్ళ సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం ఎంతో దూరం ఉండదు. సంతకి అటు, ఆసుపత్రికి ఇటు, పెళ్ళి సంబంధాలకి రెండు వైపులా తిరుగుతాం. కాగితాలు మాత్రం అలా తిరగవు. ఆమె ఆధార్ ఒడిశాది. బ్యాంకు ఖాతా ఆంధ్రాలోది, పెళ్ళికి ముందు పుట్టింటి దగ్గర తెరిచింది. ఫోన్ నంబరూ అటుదే. అటు బ్యాంకుకి వెళ్తే "మీ అడ్రస్ ఇక్కడిది కాదు, మీ ఊరికి దగ్గరి శాఖకి వెళ్ళండి" అన్నారు. ఇటు బ్యాంకుకి వెళ్తే ఒడియాలో ఒక ఫారం ఇచ్చి నింపి తెమ్మన్నారు. అది రెండు నెలలు ఇంట్లో దేవుడి పటం వెనక ఉండిపోయింది.

ఆ రెండు నెలల్లోనే లోన్ ఇస్తామని ఫోన్ వచ్చింది.

ఆమె తెచ్చిన సమస్య

సంత రోజు మధ్యాహ్నం వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. వాట్సాప్‌లో వచ్చిన "లోన్ ఆమోద పత్రం" అది. జిరాక్స్ షాపులో పది రూపాయలిచ్చి రంగుల్లో ప్రింట్ తీయించుకుంది. పైన మూడు సింహాల గుర్తు, పక్కన చిన్న వ్యాపారాల అప్పులకి ప్రభుత్వం పెట్టిన ముద్ర యోజన పేరు, కింద ఒక పెద్ద ఫైనాన్స్ కంపెనీ పేరు, రిజర్వు బ్యాంకు అధికారి సంతకమని ఒక గీత, గుండ్రటి సీలు. రెండు లక్షల అప్పు, రెండు శాతం వడ్డీ, సగం సబ్సిడీ.

"బాబూ, ఇంకొక్క ఫీజు కట్టేస్తే డబ్బు పడిపోతుందంట. తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. ఓ పది వేలు ఎక్కడైనా ఇప్పిస్తారేమోనని వచ్చాను," అంది. మోసమా కాదా అని అడగడానికి రాలేదు. చేబదులు కోసం వచ్చింది. మొదట నాకిది సరిగా ఎక్కలేదు.

అప్పటికే మూడుసార్లు కట్టింది. ఫైల్ చార్జీ అని 1,850. బీమా అని 4,200. జీఎస్టీ అని 7,500. మొత్తం 13,550. మూడోసారి కట్టడానికి చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. భర్తకి చెప్పలేదు.

ఫోన్ తీసుకుని చెల్లింపులు చూశాను. మూడూ యూపీఐలోనే వెళ్ళాయి. తెర మీద డబ్బు అందుకున్నవాళ్ళ పేర్లు మూడు, మూడూ మూడు రకాలు. ఒకటి ఆడమనిషి పేరు, రెండోది మగమనిషి పేరు, మూడోది ఏదో ట్రేడర్స్. కాగితం మీద పెద్ద అక్షరాలతో ఉన్న కంపెనీ పేరు ఒక్క చెల్లింపులోనూ లేదు. కాగితం మీద ఇంకొకటి కనిపించింది. అప్పు మంజూరైన తేదీ, ఆమె ఆధార్ ఫొటో పంపిన తేదీకి రెండు రోజుల ముందుది. వాట్సాప్‌లో రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆమె చూసింది, "రాయడంలో పొరపాటు పడుంటారు," అంది.

ముందు ఏం చేశాను, ఎందుకు కుదరలేదు

అలవాటైన మాటే చెప్పాను. "అమ్మా, అప్పు ఇవ్వకముందు డబ్బు అడిగితే అది మోసం. మీటింగులో చెప్పాను కదా. ఇంక ఒక్క రూపాయి కట్టకండి." ముద్ర సంస్థ ఎవరికీ నేరుగా అప్పు ఇవ్వదని, బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు ఇచ్చిన అప్పులకి వెనక నుంచి డబ్బు సమకూరుస్తుందని, దానికి ఏజెంట్లు ఉండరని చెప్పాను. రిజర్వు బ్యాంకు మామూలు మనుషుల అప్పుల మీద సంతకాలు పెట్టదని చెప్పాను. తల ఊపింది. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి మరో 5,000 కట్టింది. ఫోన్‌లోని మనిషి "మీ కష్టం చూసి సగానికి ఒప్పించాను అమ్మా, మిగిలింది లోన్ పడ్డాక ఇవ్వండి" అన్నాడట. మొత్తం 18,550 అయింది.

ఈ చోట నేను చాలాసేపు ఆలోచించాను. ఆమెకి తెలివి లేక కాదు. నేను చెప్పింది ఆమె అనుభవానికి సరిపోలేదు. తర్వాత ఆమే చెప్పింది: "వారం గ్రూపు లోన్‌లో కూడా ముందే కోసుకున్నారు కదా బాబూ. నలభై వేలు రాశారు, చేతికి ముప్పై ఎనిమిది వేల చిల్లరే వచ్చింది. మా తోడికోడలు వాళ్ళు ఇంటి లోన్‌కి వెళ్తే ఫారంతో పాటే మూడు వేలు కట్టించుకున్నారు, రసీదు కూడా ఇచ్చారు. వాళ్ళకి లోన్ వచ్చింది. మరి వాళ్ళందరూ దొంగలేనా?"

ఆమె అన్నది నిజం. అప్పు ఇచ్చేవాళ్ళు ఫీజులు తీసుకుంటారు. ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఒప్పంద పత్రానికి స్టాంపు ఖర్చు ఉంటుంది. బంగారం తాకట్టులో తూచి నాణ్యత చూసినందుకు తీసుకోవచ్చు. ఇంటి అప్పులో కొందరు దరఖాస్తుతోనే లాగిన్ ఫీజు కట్టించుకుంటారు, అప్పు రాకపోయినా అది వెనక్కి రాదు. ఇవన్నీ ఊళ్ళో జనం చూస్తూనే ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడి "ముందు డబ్బు అడిగితే మోసం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, వినేవాళ్ళు దాన్ని సుద్దులు చెప్పే మాటగా ఒక పక్కన పెట్టేస్తారు. అవతల మోసగాడు వాళ్ళు ఎరిగిన మాటలే వాడతాడు. ఫైల్ చార్జీ, బీమా, జీఎస్టీ అన్నవి అతను కొత్తగా పుట్టించినవి కావు, ఆమె లోన్ కార్డు మీద అచ్చు వేసి ఉన్నవే.

రెండో కారణం ఇంకా బరువైనది. "అది మోసం" అని నేనన్నప్పుడు ఆమెకి వినబడింది "నీ పదమూడు వేలు పోయాయి, కమ్మలు పోయాయి, భర్తకి ఏం చెబుతావో చూసుకో" అని. ఇదంతా అరగంటలో ఒప్పుకోమన్నాను. ఫోన్‌లోని మనిషి మాత్రం ఇంకో అయిదు వేలు కడితే అంతా సర్దుకుంటుందన్నాడు. ఆశ ఉన్న వైపుకే ఎవరైనా వెళ్తారు.

మూడోది భాష. ఇది బయటివాళ్ళకి తట్టదు. "బ్యాంకులో నన్ను కూర్చోమన్నవాళ్ళు లేరు బాబూ. ఇతను రోజూ ఫోన్ చేసి, భోంచేశారా అమ్మా, అని అడిగి అప్పుడు లోన్ మాట ఎత్తేవాడు," అంది. చక్కటి తెలుగులో, గౌరవంగా. ఏ కౌంటర్ దగ్గరికి వెళ్ళినా పరాయి భాషలో నలిగిపోయే మనిషికి తన భాషలో మాట్లాడే "ఆఫీసరు" దొరికాడు. నేను దాన్ని తేలిగ్గా తీసుకున్నాను.

ఏది పని చేసింది

అయిదు వేలు కట్టిన రోజు సాయంత్రం మళ్ళీ వచ్చింది, ఈసారి ఏడుస్తూ. ఇంకో 6,500 అడిగారు, ఖాతా నంబరులో ఒక అంకె తప్పు పడిందట, దిద్దడానికి చార్జీ అట. ఈసారి నేను మోసమన్న మాటే ఎత్తలేదు. వారం గ్రూపు లోన్ కార్డు ఇంటి నుంచి తెప్పించమన్నాను. కొడుకు సైకిల్ మీద తెచ్చాడు.

కార్డు, ఆ రంగుల కాగితం బల్ల మీద పక్కపక్కన పెట్టాం. కార్డు మీద వరసగా ఉంది: అప్పు 40,000. ప్రాసెసింగ్ ఫీజు 600. జీఎస్టీ 108. భార్యాభర్తలకి బీమా 820. చేతికి 38,472. ఒక్కో గీత మీద వేలు పెట్టి ఆమెనే చదవమన్నాను. అంకెలు బాగానే చదువుతుంది. తర్వాత ఒకటే అడిగాను: "అమ్మా, ఈ 600 మీ చేత్తో ఎవరికైనా ఇచ్చారా?"

కొంచెంసేపు ఆలోచించింది. "లేదు. వాళ్ళే కోసుకుని మిగిలింది వేశారు."

"ఈ 600 ఏ పనికి తీసుకున్నారు?"

"ఇంటికొచ్చారు. మర చూశారు. వారానికి ఎంత వస్తుందని అడిగారు. పక్కింటివాళ్ళని కూడా అడిగారు."

"ఈ రెండు లక్షలవాళ్ళు ఎవరొచ్చి చూశారు?"

దానికి ఆమె జవాబు చెప్పలేదు. కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది.

ఫీజంటే ఒక రకంగా కూలి. ఇల్లు చూడటానికి, కాగితాలు పరిశీలించడానికి, పాత అప్పులు ఎలా కట్టారో చూపే సిబిల్ రిపోర్టు తీయడానికి, ఒప్పందం రాయించడానికి పట్టే ఖర్చు. ఇంటి అప్పులో లాగిన్ ఫీజు దరఖాస్తుతోనే ఎందుకు తీసుకుంటారంటే, అప్పు ఇవ్వాలో వద్దో తేల్చడానికి ముందు ఆ పనంతా జరగాలి కాబట్టి. అందుకే అది వెనక్కి రాదు. ఈ మోసంలో వరస తలకిందులుగా ఉంది. ఏ పరిశీలనా లేకుండా ముందు మంజూరు వచ్చింది, తర్వాత ఫీజు మీద ఫీజు వచ్చింది. పైగా ప్రతిసారీ "ఇది రిఫండబుల్, లోన్‌తో కలిపి తిరిగి వేస్తాం" అన్నారు. ఈ "తిరిగి వస్తుంది" అన్న మాట వినగానే జనం ధైర్యపడతారు. నేనైతే ఇప్పుడు ఆ మాట వింటేనే ఎక్కువ అనుమానపడుతున్నాను. పని చేసినవాడు కూలి వెనక్కి ఇస్తానని ఎందుకంటాడు?

ఇక ఆమె చేతే ఒక్క ఫోన్ చేయించాలని నిర్ణయించాను. ఇందులో ప్రమాదం ఉందని తెలుసు. మోసగాళ్ళతో మళ్ళీ మాట్లాడించకూడదన్నదే మామూలుగా నా పద్ధతి, వాళ్ళ మాటకారితనం ముందు మనుషులు మళ్ళీ కరిగిపోతారు. కానీ నా నోటితో చెప్పి ఒకసారి ఓడిపోయాను. ఆమె చెవులతో ఆమె వింటేనే తెగుతుందనిపించింది. షరతులు పెట్టుకున్నాం. స్పీకర్ పెట్టాలి, నేను పక్కన ఉంటాను, ఒకే ప్రశ్న, ఓటీపీ గానీ పిన్ గానీ నోటి వెంట రాకూడదు, అయిదు నిమిషాల్లో పెట్టేయాలి.

ఆమె అడిగింది: "బాబూ, ఆ ఆరున్నర వేలు రెండు లక్షల్లోంచి మీరే కోసేసుకోండి. మిగిలింది నాకు వేసేయండి."

సిస్టమ్‌లో కుదరదన్నాడు. "వారం గ్రూపువాళ్ళకి కుదిరింది కదా?" అంది. ఇది మేం అనుకున్న ప్రశ్న కాదు, ఆమెకే తోచింది. అది గవర్నమెంటు లోన్ కాదన్నాడు. మళ్ళీ అదే మాట అడిగింది. అప్పుడు గొంతు మారింది. ఫైల్ క్యాన్సిల్ చేస్తే కోర్టు నోటీసు వస్తుందన్నాడు, సిబిల్ పాడైపోతుందన్నాడు, పోలీసులు ఇంటికొస్తారన్నాడు. రోజూ భోంచేశారా అని అడిగిన గొంతే అది. ఆమె ఫోన్ పెట్టేసి బల్ల మీద బోర్లించింది. "కోసుకోమంటే కోసుకోడేటి? ఇవ్వడానికి వాడి దగ్గర ఏటీ లేదు బాబూ," అంది.

అప్పటికి సాయంత్రం ఆరున్నర. వెంటనే 1930కి ఫోన్ చేశాం. సైబర్ మోసాల్లో డబ్బు పోయినప్పుడు ఫిర్యాదు చేసే జాతీయ నంబరు అది. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే, డబ్బు వెళ్ళిన ఖాతాల్లో మిగిలి ఉన్నదాన్ని ఆపడానికి అంత వీలుంటుంది. చెల్లింపు నంబర్లు, సమయాలు ముందే కాగితం మీద రాసుకుని కూర్చున్నాం కాబట్టి పది నిమిషాల్లో అయింది. పొద్దున కట్టిన 5,000లో 3,200 ఆగింది. పాత 13,550 అప్పటికే చేతులు మారిపోయింది. ముందు రోజు మధ్యాహ్నమే నేను 1930కి చేయించి ఉంటే ఆ 7,500లో కొంతైనా ఆగేదేమో. ఆ రోజు నేను ఆమెని ఒప్పించే పనిలోనే ఉండిపోయాను. ఒప్పించడం, ఫిర్యాదు చేయించడం వేరువేరు పనులని అప్పుడు తోచలేదు. ఆమెకి సగం అనుమానం ఉన్నా ఫిర్యాదు చేయొచ్చు.

ఒకటి దాచకుండా చెప్పాలి. మనకి తెలియకుండా ఖాతా నుంచి డబ్బు పోతే మన బాధ్యత ఎంతవరకు అన్నదానికి రిజర్వు బ్యాంకు 2017లో నియమాలు పెట్టింది. ఇక్కడ ఆమె తన పిన్ తనే కొట్టి పంపింది. కాబట్టి ఆ రక్షణ మీద ఆశ పెట్టుకోవద్దని ఫిర్యాదు చేసిన రోజే చెప్పాను. లేనిపోని ఆశ పెడితే నేనూ ఫోన్‌లోని మనిషీ ఒకటే అవుతాం.

పోలీసు ఫిర్యాదుకి రెండు రోజులు పట్టింది. అటువైపు వెళ్తే ఉండేది ఒడిశాలో కదా అన్నారు, ఇటు వెళ్తే ఖాతా, సిమ్ ఆంధ్రావి కదా అన్నారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర ప్రక్రియ చట్టంలోని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీరో ఎఫ్ఐఆర్ అనేది దాన్నే. గట్టిగా అరవకుండా ఆ సెక్షన్ నంబరు ఫిర్యాదులో మొదటి వాక్యంలోనే రాసి తీసుకెళ్ళాం. తీసుకున్నారు.

ఆమె ఆధార్, పాన్, పాస్‌బుక్ ఫొటోలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆధార్‌లోని వేలిముద్రలు ఎవరూ వాడకుండా బయోమెట్రిక్ లాక్ చేయించాను. ఆమె పేరు మీద ఎవరైనా అప్పు తీశారేమోనని క్రెడిట్ రిపోర్టు తీశాం. ఏడాదికోసారి ప్రతి క్రెడిట్ బ్యూరో ఉచితంగా ఇవ్వాలి. ఏమీ లేదు. వాట్సాప్ చాట్ చూస్తే కడుపు మండుతోంది, చెరిపేస్తానంది. సాక్ష్యమని చెప్పి ఆపాను.

మూడు వారాల తర్వాత ఇంకో ఫోన్ వచ్చింది. ఈసారి సైబర్ ఆఫీసు నుంచట. పోయిన డబ్బంతా దొరికింది, విడుదల చేయడానికి కోర్టు ఫీజు 2,100 కట్టాలట. ఒకసారి మోసపోయినవాళ్ళ నంబర్లు చేతులు మారుతుంటాయని, ఇలాంటి ఫోన్ రావచ్చని ఆమెని ముందే హెచ్చరించాల్సింది, మర్చిపోయాను. ఆమె మాత్రం కట్టలేదు. "దొరికినదాంట్లోంచి కోసుకోమన్నాను. పెట్టేశాడు," అని ఫోన్ చేసి చెప్పింది.

అసలు అప్పు

ఇక్కడితో ఆపేస్తే ఆమెకి మిగిలేది నష్టం, భయమే. రెండో మర అవసరం అలాగే ఉంది. అవసరం ఉన్నంత కాలం ఇంకో ఫోన్‌కి చోటు ఉంటుంది. అందుకే నిజమైన అప్పు ఇప్పించడం కూడా ఈ కేసులో భాగమే అనుకున్నాను.

దేవుడి పటం వెనక నుంచి ఆ ఒడియా ఫారం బయటికి తీశాం. ఆమె చెబుతుంటే నేను నింపాను. చిన్న వ్యాపారాలని నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించాం. అది ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. నెట్ సెంటర్ కుర్రాడు ఎక్కించి ప్రింట్ తీసినందుకు 50 రూపాయలు అడిగాడు. ఆమె నా వైపు చూసింది. "ఇది ఇవ్వొచ్చు కదా బాబూ? పని చేశాడు, కాగితం చేతికిచ్చాడు." ఇచ్చింది. మర, మోటారు కొటేషన్ తెచ్చాం. బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు ఇంటికొచ్చాడు, మర ఆడించి చూశాడు, కరెంటు బిల్లు అడిగాడు. ఆ రోజు ఆమె ముఖంలో వచ్చిన ధైర్యం నేను మర్చిపోలేను. చూడటానికి మనిషి వచ్చాడు.

మంజూరైన రోజు పేచీ వచ్చింది. కోతలుంటాయని వినగానే "అయితే నాకొద్దు" అని లేచింది. నా పాత మాట ఇంకా చెవిలో ఉంది, దానికి తోడు కొత్త భయం. మోసాన్ని ఆపలేకపోయిన నా నియమం నిజమైన అప్పుని ఆపబోయింది.

ఇక్కడ ఆదుకున్నది కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి బ్యాంకులైనా ఫైనాన్స్ కంపెనీలైనా మామూలు వ్యక్తులకి, చిన్న వ్యాపారాలకి ఇచ్చే కొత్త టర్మ్ లోన్లన్నింటికీ (గడువు పెట్టి తీర్చే అప్పులు) ఈ కాగితం ఇచ్చి తీరాలి. వడ్డీ, ఫీజులు, బీమా లాంటి బయటివాళ్ళ చార్జీలు అన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలి. అందులో లేని చార్జీని, మనం స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప, అప్పు తీరేదాకా ఎప్పుడూ వసూలు చేయకూడదు. మా సరిహద్దు ఊళ్ళకి అన్నింటికంటే ముఖ్యమైన ముక్క ఇంకొకటి ఉంది: అప్పు తీసుకునేవాళ్ళకి అర్థమయ్యే భాషలో ఆ కాగితం ఉండాలి, అందులో ఉన్నది వివరించి చెప్పాలి.

తెలుగులో కావాలని అడిగాం. ఆ శాఖలో తెలుగు ప్రతి లేదు. పై ఆఫీసు నుంచి తెప్పిస్తామన్నారు. ఇన్ని రోజులు చెల్లుతుందని ఆ కాగితం మీదే ఉంటుంది, ఏడు రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ గడువున్న అప్పుకి కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలి. కాబట్టి తొందరపడి సంతకం పెట్టాల్సిన అవసరం లేదని ఆమెకి చెప్పి ఇంటికి తీసుకొచ్చేశాను. మూడో రోజు తెలుగు ప్రతి వచ్చింది. తర్జుమా కాస్త ముతకగా ఉంది, అయినా ఆమె చదవగలిగింది. అప్పు 1,20,000. ప్రాసెసింగ్ ఫీజు ఒక శాతం, 1,200. జీఎస్టీ 216. స్టాంపు, డాక్యుమెంటు ఖర్చు 500. కింద అప్పు బీమా అని ఇంకో గీత ఉంది. ఇది తప్పనిసరా అని ఆమే అడిగింది. కాదన్నారు. వద్దంది, తీసేసి కొత్త కాగితం ఇచ్చారు. బీమా తీసుకుంటేనే మంచిదని నాకనిపించింది, భర్త దూరాన కట్టడం పనిలో ఉన్నాడు కాబట్టి. ఆ మాట చెప్పాను కూడా. కానీ "బీమా" పేరుతో 4,200 పోగొట్టుకున్న మనిషిని ఆ రోజు బలవంతం చేయడం సరికాదనిపించి వదిలేశాను. ఇది సరైన నిర్ణయమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

డబ్బు పడిన రోజు ఫోన్‌కి వచ్చిన మెసేజ్ నాకు చూపించింది. 1,18,084. తెలుగు కాగితం మీద ఉన్న కోతలు వేళ్ళ మీద కూడి, లక్షా ఇరవైలోంచి తీసి, సరిపోయిందంది.

ఇప్పుడు నేను ఏం మార్చుకున్నాను

మీటింగుల్లో పాత మాట మానేశాను. దాని బదులు లోన్ కార్డులు తెచ్చుకోమంటాను. ఎవరి కార్డు వాళ్ళు చదువుతారు, ఎక్కడ ఎంత కోశారో చెబుతారు. తర్వాత మూడు సంగతులు అడుగుతాను. ఈ డబ్బు ఏ పనికి? అప్పులోంచి కోస్తున్నారా, నా చేతి నుంచి పంపమంటున్నారా? పంపితే ఎవరి పేరు మీద పోతోంది? ఫోన్ తెర మీద మనిషి పేరు వస్తే అక్కడే ఆగిపోమంటాను. ఫోన్ యాప్‌ల ద్వారా ఇచ్చే అప్పుల్లో మధ్యవర్తికి ఇచ్చే ఫీజు అప్పు ఇచ్చే సంస్థే భరించాలని, అప్పు తీసుకునేవాళ్ళ నుంచి నేరుగా తీసుకోకూడదని 2022 సెప్టెంబరు నుంచే రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఈ సంగతి చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు.

లాగిన్ ఫీజు గురించి ఎవరైనా అడిగితే, అది ఉంటుందని దాచకుండా చెబుతున్నాను. అయితే శాఖకి స్వయంగా వెళ్ళి, సంస్థ పేరు మీద కట్టి, రసీదు తీసుకోమంటున్నాను, అప్పు రాకపోతే ఆ డబ్బు వెనక్కి రాదని తెలిసే కట్టమంటున్నాను. సంస్థ మీద అనుమానం ఉంటే రిజర్వు బ్యాంకు సచేత్ పోర్టల్‌లో దానికి అనుమతి ఉందో లేదో చూసి పెడుతున్నాను. గుర్తింపు ఉన్న సంస్థే చెప్పని కోత కోస్తే, ముందు ఆ సంస్థకి రాసిచ్చి, ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పంపుతున్నాను. రిజర్వు బ్యాంకు నంబరు 14448కి ఫోన్ చేస్తే ఎలా పంపాలో చెబుతారు.

ఎవరైనా ఇప్పటికే డబ్బు కట్టేసి వస్తే ముందు 1930, తర్వాతే మిగతా మాటలు. భర్తకి, కొడుక్కి ఎలా చెప్పాలన్నది కూడా ఆ రోజే మాట్లాడుతున్నాను. ఈమె విషయంలో ఆ పని పది రోజులు ఆలస్యమైంది. ఆ పది రోజులూ ఆమె రాత్రుళ్ళు నిద్రపోలేదని కొడుకు చెప్పాడు. చివరికి భర్తకి ఫోన్ చేసి చెబితే, అతను కాసేపు మాట్లాడలేదట. తర్వాత "మర కొనే డబ్బులు ఉన్నాయా పోయాయా" అని మాత్రం అడిగాడట.

కారం మర నడుస్తోంది. ఎండుమిరప సీజన్‌లో రోజుకి ముప్పై, నలభై కిలోలు ఆడింది. ఇప్పటికి అయిదు వాయిదాలు కట్టింది, ఒకటి నాలుగు రోజులు ఆలస్యమైంది. ఆగిన 3,200 విడుదలకి కోర్టులో అర్జీ పెట్టాం, ఉత్తర్వు ఇంకా రాలేదు. కమ్మలు తాకట్టులోనే ఉన్నాయి. సంక్రాంతికి వడ్డీ కట్టింది, అసలు అలాగే ఉంది.